ఒక్క తోక తప్ప

బజారు చివర మలుపులో, సైకిళ్ల దుకాణానికీ కళ్లద్దాల దుకాణానికీ మధ్య ఇరుక్కుని ఒక గది ఉంది. గది అనడం మర్యాద కోసం. ఇద్దరు లోపలుంటే మూడో మనిషి రంగు డబ్బా మీద కూర్చోవాలి. ఆ గది తలుపు పైన నీలం రేకు మీద తెల్ల అక్షరాలతో "ఇచ్చట బోర్డులు వ్రాయబడును. ఒక్క అక్షరం తప్పు పోదు" అని ఉండేది. మొదటి వాక్యం ఏ పెయింటరైనా రాసుకునేదే. రెండోదే మన పెయింటర్ బతుకంతా.

ఆ వాక్యం ఊరికే రాలేదు. పని నేర్చుకునే రోజుల్లో పళ్ల డాక్టరు ఆయనకి మొదటి బోర్డు పని ఇచ్చాడు. "ఇచ్చట పళ్లు పీకబడును" అని రాయాలి. మనవాడు "కళ్లు పీకబడును" అని రాశాడు. పొద్దున్నే వేలాడదీస్తే మధ్యాహ్నం దాకా ఒక్క రోగి మెట్లెక్కలేదు. డాక్టరు అతన్ని పిలిపించి, నలుగురి ముందూ నిచ్చెనెక్కించి పైకి చదివించాడు. అతను చదివాడు, నిచ్చెన దిగాడు, ఇంటికెళ్లి రెండు రోజులు మెతుకు ముట్టలేదు. మూడో రోజు లేచి, ఇక జన్మలో అక్షరం తప్పు పోనని ఒట్టు పెట్టుకుని, అప్పుడు తిన్నాడు.

అప్పటినుంచి ఏది రాసినా ముందు నుంచి వెనక్కి ఒకసారి, వెనక నుంచి ముందుకి ఒకసారి చదివేవాడు. చదివేవాడు అనకూడదేమో, కొలిచేవాడు. ఇంగ్లీషు అక్షరాలు ఆయనకి అసలు రావు. ఆకారాలే గుర్తు. 'ఏ' అంటే అడ్డకర్ర ఉన్న నిచ్చెన, 'ఎస్' అంటే పాము, 'క్యూ' అంటే తోకున్న సున్నా. ఆ గుర్తులతోనే బ్యాంకుకి, బడికి, ఆసుపత్రికి బోర్డులు రాశాడు. ఎక్కడా పొల్లు పోలేదు. పెళ్లి సంబంధం తెచ్చిన పెద్దమనిషి పిల్ల తరఫువాళ్లతో దాచకుండా చెప్పాడు. కుర్రాడు బంగారం, తాగడు, పేకాడడు, ఒక్కటే లోపం, అక్షరం తప్పుందని మొహం మీద అంటే మాత్రం తిండి మానేస్తాడు. పిల్ల తల్లి వెంటనే కొడుకు వైపు తిరిగి, విన్నావుగా, అల్లుణ్ణి ఒక్క మాటనడానికి వీల్లేదు అంది.

ఆ కొడుకు ఊరి బయట ఫ్లయింగ్ క్లబ్బులో మెకానిక్. పెళ్లయ్యాక ఇతనూ బావగారే, అతనూ బావగారే. చుట్టాలింట్లో "బావగారు వచ్చారు" అన్నారంటే ఏ బావగారో తేల్చడానికి ముక్కు ఒక్కటే దిక్కు. ఒకాయన పెట్రోలు వాసన, ఒకాయన టర్పెంటైన్ వాసన.

క్లబ్బులో ఒక విమానం ఉంది. ఒకటే ఇంజను, రెండు సీట్లు, ఒకదాని వెనక ఒకటి. చెక్క చట్రం మీద బట్ట బిగించి కట్టిన పాతకాలపు సరుకు. ముందు పంకా చేత్తో తిప్పితేగాని లేవదు. ముచ్చటగా మూడుసార్లు బతిమాలించుకుని, పొగ వదిలి, దగ్గి, అప్పుడు కదులుతుంది. కదిలాక ఇక ఆగమన్నా ఆగదు. అందుకే దాన్ని అందరూ పెద్దత్త అనేవారు. కాగితాల మీద మాత్రం దాని పేరు ఐదక్షరాలు. చివరి అక్షరం క్యూ. ఈ ఐదక్షరాలూ విమానం ఒంటి మీద మూడు చోట్ల ఉండాలి, అటు పక్కన, ఇటు పక్కన, రెక్క కింద. అవి లేకపోతే ఎంత బాగా ఎగిరినా విమానం కింద లెక్క రాదు, అనాథ కింద లెక్క.

పెళ్లయిన పదో రోజున మెకానిక్ కొత్త బావగారికి ఆ పని అప్పజెప్పాడు. పెద్దత్తకి అప్పుడే కొత్త బట్ట వేశారు. బట్ట బిగియడానికి పూసే మందు ఒళ్లంతా ఆరింది గాని తోక దగ్గర ఇంకా పచ్చిగానే ఉంది. చేయాల్సింది ముక్కు నుంచి చివరి దాకా ఒక ఎర్ర గీత, మూడు చోట్ల అక్షరాలు. మెకానిక్ అక్షరాల చీటీ చేతిలో పెట్టి, ఏదో సామాను తేవడానికి స్కూటరెక్కి, స్టార్టు చేశాక తిరిగి చూశాడు.

"తోక మాత్రం వదిలెయ్యండి బావగారూ, రేపు చూద్దాం."

అని వెళ్లిపోయాడు. పెయింటర్ చేతిలో చీటీ ఉంది, చీటీ చివర తోకున్న సున్నా ఉంది. విమానం వెనక భాగాన్ని తోకంటారని ఆయనకి ఎవరు చెప్పారు గనక? ఆయన దృష్టిలో అది వెనక రెక్క. ఈ ప్రపంచంలో తోక అంటే ఆయనకి క్యూ తోకే.

ఎందుకు వదిలెయ్యమన్నాడో మాత్రం అంతుపట్టలేదు. కుంచె పట్టుకుని చాలాసేపు ఆలోచించాడు. గాలికి చిక్కుకుంటుందేమో. లేకపోతే డాక్టర్లకి పరీక్ష ప్యాసయ్యాక పేరు చివర డిగ్రీ తగిలించినట్టు, విమానానికి కూడా పరీక్షయ్యాక తోక తగిలిస్తారేమో. సాయంత్రం అడగొచ్చు. అడిగితే, తోకంటే ఏ తోకో కూడా తెలియని మనిషికా చెల్లెల్నిచ్చాం అనుకోడూ బావగారు? అప్పటికి ఆయనకి సొంత ఇల్లు లేదు, ఈ గది కూడా లేదు. ఉన్నదల్లా పనితనమే. అందుకని చెప్పిన పని చెప్పినట్టు చేశాడు. మూడు చోట్లా సున్నా పెట్టి, తోక వదిలేశాడు. ఎర్ర గీత మాత్రం శ్రద్ధగా పచ్చి బట్ట మీదుగా కొస దాకా లాగాడు.

మర్నాడు పొద్దున్న ఆ గీత చెమ్మకి కరిగి బట్టంతా ముడతలు పడి ఉంది. మెకానిక్ దాన్ని తడిమి చూసి, వీలైనంత మెత్తగా అడిగాడు.

"తోక వదిలెయ్యమన్నాను కదా బావగారూ."

"వదిలేశాను కదా బావగారూ."

మెకానిక్ ఒకసారి బావగారి మొహం చూశాడు, ఒకసారి విమానాన్ని చుట్టి వచ్చాడు. తర్వాత ఇద్దరికీ టీ తెప్పించాడు. తోక బట్ట తనే ఊడదీసి కొత్తది కట్టుకున్నాడు.

'రేపు చూద్దాం' అన్న ఆ రేపు కోసం పెయింటర్ వారం చూశాడు, నెల చూశాడు. ఎవరూ పిలవలేదు. ఈలోగా పెద్దత్త ఆకాశంలోకి వెళ్లనే వెళ్లింది. రెండో ఏడు బండ్ల నంబర్లు రాస్తూ రాస్తూ ఆయనకి అసలు సంగతి తెలిసింది. తోక లేని క్యూ క్యూ కాదు, అది ఓ. అంటే విమానం ఒంటి మీద మూడు చోట్ల తను రాసింది వేరే ఎవరిదో పేరు. అప్పటికే గది తీసుకున్నాడు, రేకు బోర్డు కట్టాడు, రెండో వాక్యం రాసి దాని కింద గీత కూడా కొట్టాడు. తేలుకుట్టిన దొంగలా నోరు మూసుకున్నాడు. విమానాన్ని పెట్టే హ్యాంగర్ వైపు పనుంటే పెద్దత్తకి వీపు పెట్టి నిలబడేవాడు. ఆ వీపు దాదాపు ముప్పై ఏళ్లు అలాగే నిలబడింది.

మరి ముప్పై ఒక్క ఏళ్లు ఎవరూ చూడలేదా అంటారు. చూశారు. చూడటానికి జీతం తీసుకునేవాళ్లంతా చూశారు. టవర్‌లో కూర్చునేవాళ్లు రేడియోలో పైలట్ చెప్పింది విని క్యూ అని రాసుకునేవారు. రన్‌వేకి దారిచ్చే గేటు దగ్గర కాపలాదారు కళ్లతో చూసి ఓ అని రాసుకునేవాడు. చెవి పుస్తకం చెవిది, కంటి పుస్తకం కంటిది. ఏడాదికోసారి వచ్చే అధికారి టీ తాగుతూ మెకానిక్ టైపు చేయించిన కాగితాన్ని అసలు కాగితంతో సరిచూసి సంతకం పెట్టేవాడు. కాగితానికీ కాగితానికీ ఎప్పుడూ తేడా రాలేదు. విమానాన్ని ఎవరు చూస్తారు, అది ఎండలో ఉంటుంది.

ముప్పై ఒకటో ఏడు కొత్త ఇన్‌స్పెక్టర్ వచ్చింది. సన్నటి మనిషి, ఎవరినీ కసురుకోదు, ఏదీ వదిలిపెట్టదు. హ్యాంగర్‌లో ఆవిడకి రెండో రోజే భూతద్దం అని పేరు పెట్టారు. ఆవిడ టీ వద్దంది. టవర్ పుస్తకం, గేటు పుస్తకం తెప్పించి బల్ల మీద పక్కపక్కన పరిచింది. టవర్ లెక్కన క్యూ రోజూ ఎగిరింది, కానీ ఒక్కరోజూ గేటు దాటలేదు. గేటు లెక్కన ఓ రోజూ బయటికెళ్లింది, కానీ ఒక్కరోజూ ఎగరలేదు. ఆవిడ పై ఆఫీసుకి ఫోన్ చేసి ఓ సంగతి కనుక్కుంది. ఓ అని నిజంగానే ఇంకో విమానం ఉండేదట. ముప్పై మూడేళ్ల కిందట ఒక జలాశయంలో పడి మునిగిపోయిందట. పైలట్ ఈదుకుంటూ ఒడ్డుకొచ్చాడు, విమానం రాలేదు. రిజిస్టర్‌లో దాని పేరు కొట్టేశారు.

ఆవిడ పెద్దత్త చుట్టూ మూడుసార్లు తిరిగి ఇలా రాసుకుంది: "మునిగిపోయిన విమానం హ్యాంగర్‌లో మంచి స్థితిలో ఉన్నది. మంచి స్థితిలో ఉండవలసిన విమానం కనపడలేదు."

మెకానిక్ తోక సంగతి చెప్పి, రెండు నిమిషాల పని, బావగారిని పిలిపిస్తాను అన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు. పేరు కొట్టేసిన విమానం మీద రంగు వేయడానికి వీల్లేదట. అది క్యూ అని రుజువైతే రంగు వేయవచ్చట. క్యూ అని రుజువు కావాలంటే దాని మీద క్యూ అని ఉండాలట. పిచ్చి కుదిరితేగాని పెళ్లి కాదు, పెళ్లయితేగాని పిచ్చి కుదరదు అన్నట్టుంది వ్యవహారం. నెలాఖరులోగా తేలకపోతే పెద్దత్తని ముక్కలుగా కోసి పాతసామాన్ల కొట్టుకి ఇచ్చేయాలి. అదే నెలాఖరున మెకానిక్ రిటైరవుతున్నాడు. ముప్పై ఎనిమిదేళ్ల ఉద్యోగంలో లైసెన్సు పుస్తకం మీద ఒక్క మచ్చ లేదు.

మూడు రోజులకి మెకానిక్‌కే వెలిగింది. ప్రతి విమానంలోనూ ఎక్కడో ఒకచోట, తగలబడినా కరగని చిన్న రేకు మీద దాని అక్షరాలు చెక్కి ఉండాలి. ముందు సీటు ఊడదీసి, దాని కింద అంగుళం మందాన పేరుకున్న జిడ్డు గీకితే రేకు బయటపడింది. చివరి అక్షరానికి తోక నిక్షేపంలా ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో దాన్ని చెక్కింది మెకానిక్కే. భూతద్దం దాన్ని వేలితో తడిమి, ఇది క్యూయే అని ఒప్పుకుంది. హ్యాంగర్ అంతా ఊపిరి పీల్చుకుంది.

కానీ ఏనుగు వెళ్లింది, తోక చిక్కింది. ఒక ఫారం మిగిలింది. అందులో "లోపం చేసిన వ్యక్తి" అని ఒక గడి, "కారణం" అని ఒక గడి. అందులో మెకానిక్ పేరు పడితే ఆ రోజే లైసెన్సు రద్దు. బయటి పనివాడి పేరు పడితే రద్దు చేయడానికి అతని దగ్గర ఏమీ ఉండదు గనక, ఫారం నెలరోజులు హ్యాంగర్ గేటు పక్కన నోటీసు బోర్డుకి అంటిస్తారు. బజారుకి వెళ్లే బస్సు ఆ గేటు ముందే ఆగుతుంది.

బావలిద్దర్నీ ఆవిడ బల్ల ముందు కూర్చోబెట్టింది. రాసిందెవరని అడిగితే మెకానిక్, బావగారు అన్నాడు. తోక వదిలెయ్యమన్నదెవరని అడిగితే పెయింటర్, బావగారు అన్నాడు. ఆవిడ "బావగారు చెప్పగా బావగారు రాశారు" అని రాసి, చదువుకుని, పెన్ను ఆపింది.

"అంటే ఆయనే చెప్పుకుని ఆయనే రాసుకున్నారా?"

"కాదండీ, ఇద్దరం," అన్నారు ఇద్దరూ.

"మరి ఇందులో బావగారెవరు?"

"ఇద్దరమూనండీ."

ఆవిడ కాగితం చింపి కొత్తది తీసింది. గడి ఒక్కటే ఉంది, అందులో ఒక్క పేరే పడుతుంది, రేపు మధ్యాహ్నానికల్లా తేల్చుకు రండి అంది.

మర్నాడు మధ్యాహ్నం పెద్దత్తకి ఆ పక్కన ఒక బావగారు, ఈ పక్కన ఒక బావగారు స్టూళ్లు వేసుకుని కూర్చున్నారు. మధ్యలో బట్ట గోడలా విమానం. పెయింటర్ మనసు మనసులో లేదు. 'మీరే వదిలెయ్యమన్నారు' అంటే అబద్ధం కాదు, ఆ మాటతో తన బోర్డు నిలబడుతుంది. కానీ బావగారి ముప్పై ఎనిమిదేళ్లు బూడిదలో పోసిన పన్నీరవుతాయి. తనే సంతకం పెడితే బస్సెక్కిన ప్రతివాడూ చదువుతాడు. కళ్లు పీకబడును అన్న రోజు మళ్లీ వస్తుంది. ఈసారి నెలరోజులుంటుంది. ఆయనకి భయం వేసింది. ఈ వయసులో కూడా ఇంత భయం వేస్తుందని ఆయన అనుకోలేదు.

అంతలో ఆయన భార్య క్యారియర్ పట్టుకుని వచ్చింది. ఇద్దరినీ చూసి, క్యారియర్ విమానం చక్రం పక్కన పెట్టి నిలబడింది. ముందు పెయింటరే నోరు విప్పాడు. విమానం వైపు చూస్తూ అన్నాడు, అవతల బావగారికి వినిపించేలా.

"ఏ తోకో నాకు తెలీలేదు బావగారూ. అడుగుదామనే అనుకున్నాను. అడిగితే చులకనైపోతానని భయపడ్డాను. రెండో ఏడే తెలిసింది తప్పని. అప్పుడూ చెప్పలేదు."

అవతల మెకానిక్ లేచి, నడుం వంచి రెక్క కిందుగా ఇటు వచ్చాడు.

"నాకు మర్నాడే తెలిసింది బావగారూ. మీరు వదిలేశానన్నారు చూడండి, అప్పుడే చుట్టూ తిరిగి చూశాను. అంటే మీరు తిండి మానేస్తారు. పెళ్లై పది రోజులు. అమ్మ ఒట్టేయించుకుంది. పోనీలే, నెమ్మదిగా నేనే తోక పెడదామనుకున్నాను. నా చేత్తో పెడితే మీరు గుర్తుపట్టేస్తారని మానేశాను."

పక్కనే పెయింటర్ భార్య క్యారియర్ మూత తీస్తూ మామూలుగా అంది.

"నాకూ తెలుసు. నేను ఎనిమిదో తరగతి దాకా చదివాను కదా. విమానం చూపిస్తానని తీసుకొచ్చారు చూడండి, ఆ రోజే చూశాను. మీతో అంటే మీరు తినరు, అన్నయ్యతో అంటే మిమ్మల్ని ఏమంటాడోనని. విమానం ఎగురుతూనే ఉంది, కాపురం నడుస్తూనే ఉంది, మధ్యలో నాకెందుకు అనుకున్నా."

అదే హ్యాంగర్‌లో బల్ల దగ్గర బిస్కెట్ తింటున్న భూతద్దం ఇదంతా విని, బిస్కెట్ పక్కన పెట్టి, ముప్పై ఒక్క ఏళ్లుగా ముగ్గురికీ తెలుసా అని అడిగింది. ముగ్గురూ తలలూపారు. ఆవిడ ఫారం అటూ ఇటూ తిప్పి చూసింది. ఇలాంటిదానికి అందులో గడి లేదు.

తలా తోకా లేని వ్యవహారం అంటారే, ఇదీ అది. ఒక తోక కోసం ముగ్గురు మనుషులు ఒకరినొకరు కాపాడుకుంటూ, మునిగిపోయిన విమానాన్ని ముప్పై ఒక్క ఏళ్లు ఆకాశంలో తిప్పారు. నవ్వాలో ఏడవాలో పెయింటర్‌కి తెలియలేదు. కానీ భయం మాత్రం ఎటుపోయిందో పోయింది. ఇంతకాలం ఎవరి దగ్గర దాచుకున్నాడో వాళ్లకే తెలుసన్నప్పుడు, ఇక బస్సులో వాళ్లకి తెలిస్తే ఏం?

ఆయన లేచి బల్ల దగ్గరికెళ్లి పెన్ను అడిగాడు. మెకానిక్ వెనకాలే వచ్చి, మాట నాది గనక సంతకం నాదేనని పెన్ను పట్టుకోబోయాడు.

"మీరు వదిలెయ్యండి బావగారూ," అన్నాడు పెయింటర్.

'లోపం చేసిన వ్యక్తి' దగ్గర తన పేరు, 'కారణం' దగ్గర "తోక అంటే ఏ తోకో అడగలేదు" అని రాశాడు. అలవాటు కొద్దీ ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి చదివి ఇచ్చాడు. ఆవిడ ఇంత చక్కటి చేతిరాత ఏ ఫారంలోనూ చూడలేదంది.

ఆ సాయంత్రమే మూడు తోకలు పెట్టాడు. అటు పక్కది, ఇటు పక్కది నిలబడి, రెక్క కిందది వెల్లకిలా పడుకుని. బావగారు డబ్బా పట్టుకున్నాడు. మర్నాడు పెద్దత్త ఇన్నేళ్లకి మళ్లీ తన సొంత పేరుతో గేటు దాటింది. కాపలాదారు కళ్లు నులుముకుని క్యూ అని రాసుకున్నాడు. నెలాఖరున మెకానిక్ మచ్చలేని లైసెన్సు పుస్తకం అప్పజెప్పి, ఇంటికొచ్చి, ఏం చేయాలో తోచక బావగారి గదికొచ్చి రంగు డబ్బా మీద కూర్చున్నాడు.

నోటీసు బోర్డు పని నోటీసు బోర్డు చేసింది. బజారంతా చదివింది. కొందరు పనిగట్టుకుని వచ్చి, ఏ తోకండీ అని అడిగిపోయారు. వారం రోజులు విని విని, ఒక ఉదయం పెయింటర్ తెల్ల రంగు కలిపి, నీలం రేకు కిందకి నిచ్చెన వేయించాడు. రెండో వాక్యం చెరిపేస్తాడనుకున్నారు అందరూ. ఆయన చెరపలేదు. "ఒక్క అక్షరం తప్పు పోదు" పక్కన కామా పెట్టి, "ఒక్క తోక తప్ప" అని చేర్చాడు.

బావగారు నిచ్చెన పట్టుకుని చదివి, ఏదో అనబోయి, అలవాటు ప్రకారం మింగేశాడు. అప్పుడే భోజనానికి పిలవడానికొచ్చిన భార్య తలెత్తి చూసింది. ఆవిడ ముప్పై ఒక్క ఏళ్లలో మొదటిసారి ఆగకుండా, మింగకుండా, చూసిన క్షణమే అనేసింది.

"ఏవండీ, తోకకి తలకట్టు పెట్టలేదు."

బావగారి చేతుల్లో నిచ్చెన కదిలింది. పెయింటర్ వెనక్కి వాలి చూశాడు. నిజమే. తోకలో 'క' బోడిగా ఉంది. ఆయన ఒక మెట్టు దిగాడు, మళ్లీ ఎక్కాడు, తలకట్టు పెట్టాడు, కుంచె కడుక్కున్నాడు. తర్వాత ముగ్గురూ కలిసి ఇంటికెళ్లి భోజనానికి కూర్చున్నారు. ఆయన మారు అడిగి వడ్డించుకున్నాడు.